రైల్లో పాడేవాళ్ళకి ఎట్టా ఇవ్వాలి, ఎట్టా సాయపడాలి? (గూడూరు–ఒంగోలు లైను)

పడుగుపాడు_గేటు

గూడూరు నుంచి ఒంగోలు దాకా మెమూల్లో (దగ్గరి ఊళ్ళ మధ్య తిరిగే కరెంటు బళ్ళు), జనరల్ బోగీల్లో పాడుకుంటా తిరిగేవాళ్ళ గురించి ఈ చర్చ. హార్మోనియం మెడకి తగిలించుకునేవాళ్ళు, చిన్న స్పీకరూ కార్డ్‌లెస్ మైకూ పెట్టుకుని కరోకే మీద పాడేవాళ్ళు, కంజీర కొట్టుకుంటా తత్వాలు పాడేవాళ్ళు, అందరూ.

ధనుర్మాసంలో హరిదాసు గుమ్మం ముందుకొస్తే పిల్లల చేత అక్షయపాత్రలో బియ్యం పోయించడం మన ఇళ్ళల్లో ఉన్న పద్ధతే. రైల్లో పాడేవాళ్ళకి వచ్చేసరికి అట్టాంటి పద్ధతేదీ లేదు. కొందరు కిటికీలోంచి బయటికి చూస్తారు, కొందరు చేతికందిన చిల్లర విసిరేస్తారు. పాట పనే, దానికి తగ్గట్టు ఇవ్వాలన్నది నా మాట. ఇచ్చే పద్ధతి, ఫోన్‌పేలాంటివి, పోలీసుల సంగతి, ఫంక్షన్లకి పిలవడం: వీటి మీద తెలిసినవాళ్ళు రాయండి. సొంత కథలు వద్దు. ఏం చేస్తే పని జరుగుతుంది, ఏది ఎందుకు చెడుతుంది, అది చాలు.

బిట్రగుంట_సిగ్నల్

ముందు టైము సంగతి చెప్తా. అన్నిచోట్లా ఆగే బండికి స్టేషనుకీ స్టేషనుకీ మధ్య 6 నుంచి 10 నిమిషాలు ఉంటాయి. ఎక్కినాక నిలబడే చోటు చూసుకోను అర నిమిషం, పాటకి నాలుగైదు నిమిషాలు, వసూలుకి రెండు నిమిషాలు. బండి ఆగంగానే దిగి పక్క బోగీ ఎక్కాలి. అందుకని పాట అయిపోయినాక పర్సు వెతకడం మొదలుపెడితే వాళ్ళకి ఒక బోగీ పోయినట్టే. రెండో చరణం నడుస్తా ఉండగానే డబ్బు చేతిలో పెట్టుకోండి.

చూపు లేనివాళ్ళకి ఇచ్చేటప్పుడు నోరు తెరిచి చెప్పాలి. "అన్నా, ఇరవై నోటు" అని చెప్పి చేతిలో పెట్టాలి. దీనికి కారణం ఉంది. కొత్త సిరీస్‌లో 10 నోటు 123 మిల్లీమీటర్ల పొడుగు, 20 నోటు 129. వెడల్పు రెండిటికీ 63. తేడా 6 మిల్లీమీటర్లే, నలిగిన నోట్లలో వేలికి అసలు తెలియదు. 100 నుంచి పైవాటికి మాత్రం అంచుల్లో తడిమితే తగిలే గీతలుంటాయి: 100కి నాలుగు, 200కి నాలుగు గీతల మధ్య రెండు చుక్కలు, 500కి ఐదు. 50, అంతకు తక్కువ నోట్లకి ఈ గీతలు లేవు. రైల్లో చేతికొచ్చేవి ఎక్కువగా ఆ నోట్లే.

రిజర్వు బ్యాంకు 2020లో 'మనీ' అనే యాప్ తెచ్చింది. ఫోన్ కెమెరా ముందు నోటు పెడితే ఎంతో పైకి చెప్తుంది, నెట్ అక్కర్లేదు. ఇంటికెళ్ళి లెక్క చూసుకోను బాగా పనికొస్తుంది. కదిలే బండిలో ఒక చేత మైకూ ఒక చేత డబ్బాతో అది కుదరదు. అందుకే మన నోటిమాట కావాలి.

నాణేల్లో 20 బిళ్ళ 12 పలకలుగా ఉంటుంది, పట్టుకోంగానే తెలుస్తుంది. 10 బిళ్ళ చెల్లదని కొన్ని అంగళ్ళల్లో తిప్పి కొడతా ఉంటారు, ఆ మాట తప్పు. అన్ని డిజైన్లూ చెల్లుతాయని రిజర్వు బ్యాంకు చెప్పింది. అయినా ఆ బిళ్ళలు మార్చుకునే తిప్పలు పాడేవాళ్ళకి పెట్టకుండా, మన దగ్గర నోటుంటే నోటే ఇవ్వడం మేలు.

ఒకటి మాత్రం అస్సలు చెయ్యొద్దు. వంద వేసి "ఎనభై చిల్లర తీసుకుంటా" అని డబ్బాలో చెయ్యి పెట్టొద్దు. ఎంత తీశామో ఆయన చూడలేడు. చిల్లర కావాలంటే ఎదుటి సీటాయన్ని అడగండి.

కావలి_కనకాంబరం

ఫోన్ చెల్లింపుల గురించి నేను రాస్తా. క్యూఆర్ కార్డు మెడలో వేసుకునేవాళ్ళు ఇప్పుడు బాగా కనపడతా ఉన్నారు. చెడేవి మూడు.

ఒకటి, సిగ్నల్. స్టేషన్ దాటి పొలాల్లో పడినాక నెట్ తగ్గి, చెల్లింపు 'ప్రాసెసింగ్' దగ్గర ఆగిపోద్ది. మళ్ళీ మళ్ళీ నొక్కితే రెండుసార్లు పోయే ప్రమాదం ఉంది. బండి స్టేషన్‌లో ఉన్నప్పుడో, బయల్దేరిన మొదటి నిమిషంలోనో కొట్టేయాలి. పాట వినేదాకా ఆగాలనుకుంటే కార్డుకి ఫొటో తీసుకుని తర్వాత గ్యాలరీలోంచి స్కాన్ చెయ్యొచ్చు. కొన్ని యాప్‌లు గ్యాలరీ నుంచి చేసే చెల్లింపుకి పరిమితి పెడతాయి గానీ యాభై వందకి ఇబ్బంది రాదు.

రెండు, పేరు. స్కాన్ చెయ్యంగానే తెర మీద ఖాతా పేరు పడుతుంది. అది పైకి చదివి వినిపించండి. చూపు లేనివాళ్ళ కార్డు మీద ఇంకెవరిదో స్టిక్కర్ అంటించి పోతే వాళ్ళకి తెలిసేది అట్టానే. లామినేషన్ చేయించేటప్పుడు పై కుడి మూల కత్తిరించుకుంటే కార్డు తిరగబడిందా లేదా తడిమి చూసుకోవచ్చు. లామినేషన్ మీద ఇంకో పొర అంటిస్తే దాని అంచు కూడా వేలికి తగులుతుంది. కాగితం కార్డు మీద అంటిస్తే తెలియదు.

మూడు, మోగే డబ్బా. డబ్బు పడంగానే పైకి చెప్పే సౌండ్‌బాక్సు అంగడికి బాగుంటుంది. దానికీ సిమ్మే, దానికీ నెట్టే కావాలి. రైల్లో ఐదు నిమిషాల తర్వాత కూస్తుంది, అప్పటికి మనిషి ఇంకో బోగీలో ఉంటాడు. నెలనెలా అద్దె కూడా ఉంటుంది. దాని బదులు ఫోన్‌లోనే మెసేజ్ పైకి చదివే సౌకర్యం ఆన్ చేసి ఒక చెవికి ఇయర్‌ఫోన్ పెడితే సరిపోతుంది.

బటన్ ఫోన్ ఉన్నవాళ్ళు కూడా డబ్బు తీసుకోవచ్చు. బ్యాంకులో ఏదో ఒక ఖాతా ఉండి, ఆ ఫోన్ నంబరు ఖాతాకి కలిపి ఉండాలి. 2022లో వచ్చిన యూపీఐ 123పే పద్ధతి బటన్ ఫోన్ల కోసమే.

సింగరాయకొండ_సీజన్

ఒక మాట అడుగుతా, తప్పుగా అనుకోవద్దు. నాలాంటి సీజన్ టికెట్‌వాళ్ళకి తెల్లవారుజాము బండి అంటే గంటన్నర నిద్ర. అదే టైములో స్పీకర్ ఫుల్లుగా పెట్టి పాడితే ఎట్టా? ఇవ్వడానికి మాకు అభ్యంతరం లేదు, శబ్దం మీదే. ఇంకోటి, ఇది రైల్వే చట్టానికి విరుద్ధం కాదా?

రూల్సు_బుక్కు

సీజన్ గారూ, చట్టం సంగతి ఇదీ. రైల్వే చట్టం 1989లో 144వ సెక్షను బోగీలోనూ స్టేషన్లోనూ లైసెన్సు లేని అమ్మకాన్నీ, భిక్షాటననీ నిషేధిస్తుంది. అట్టాంటివాళ్ళని దించేసే అధికారం కూడా అందులోనే ఉంది. 145 తాగి రావడం, తోటి ప్రయాణికులని ఇబ్బంది పెట్టడం గురించి. 155 వేరేవాళ్ళకి రిజర్వు అయిన చోట ఎక్కి కూర్చోవడం గురించి. పాట పాడటాన్ని పేరు పెట్టి నిషేధించిన సెక్షను లేదు. కానీ పాటయినాక చెయ్యి చాపితే అది 144 కిందికి లాగొచ్చు. ఆర్పీఎఫ్ (రైల్వే రక్షణ దళం) వాళ్ళు పట్టుకునేది అక్కడే.

దీన్నిబట్టి ప్రయాణికులు చెయ్యాల్సింది తేలుతుంది. పాడేవాళ్ళకి టికెట్ ఉండాలి, జనరల్ బోగీలోనే ఉండాలి, స్లీపర్‌లోకి రాకూడదు. అడక్కముందే మనమే లేచి ఇస్తే వాళ్ళు సీటు సీటుకీ తిరగాల్సిన పని తగ్గుద్ది. పోలీసాయన వచ్చినప్పుడు వాదన పెట్టుకుంటే నష్టం మనకి కాదు, బరువు మోసుకుని దిగాల్సింది వాళ్ళే. "టికెట్ ఉంది సార్, మేమే పాడమన్నాం" అని మెల్లగా చెప్పడం వరకే. ఎవరన్నా వాళ్ళ సామాను లాక్కున్నా, డబ్బు గుంజుకున్నా రైల్వే హెల్ప్‌లైను 139కి ఫోన్ చేసి బండి నంబరు, బోగీ నంబరు, వచ్చే స్టేషన్ పేరు, ఈ మూడూ చెప్పండి. రైల్వే ఫిర్యాదుల యాప్ రైల్‌మదద్‌లో రాసినా ఈ మూడు లేకపోతే ఫిర్యాదు కదలదు.

వేరేచోట్ల దీన్ని ఒక దారిలో పెట్టారు. లండన్ భూగర్భ రైలు స్టేషన్లలో 2003 నుంచి లైసెన్సు పద్ధతి ఉంది. ఆడిషన్‌లో నెగ్గినవాళ్ళు గుర్తేసిన చోట, వాళ్ళకిచ్చిన టైములో పాడతారు, బండి లోపల పాడకూడదు. న్యూయార్క్‌లో 1985 నుంచి అట్టాంటి ఏర్పాటే ఉంది. నెల్లూరు, ఒంగోలు స్టేషన్లలో ఒకటో నంబరు ప్లాట్‌ఫారం మీద ఒక మూల ఇట్టా కేటాయించమని విజయవాడ డివిజన్‌కి రాయొచ్చు. రాసేటప్పుడు చోటు, టైము, మైకు లేకుండానా మైకుతోనా అనేది స్పష్టంగా ఉండాలి. ఉత్త "కళాకారులని ప్రోత్సహించండి" అని రాస్తే బుట్టదాఖలే.

సౌండుపెట్టె_ఒంగోలు

సీజన్ గారి మాటలో న్యాయం ఉంది. ఎక్కువ శబ్దం అంటే మంచి శబ్దం కాదు.

బోగీకి చక్రాల ట్రక్కులు రెండు చివర్లా ఉంటాయి. తలుపుల దగ్గర మోత ఎక్కువ, బోగీ నడుమ తక్కువ. తలుపు దగ్గర నిలబడి పాడేవాళ్ళు ఆ మోతని మించాలని వాల్యూం పెంచుతారు, అక్కడ కూర్చున్నవాళ్ళ చెవులు పోతాయి, నడిమికి మాత్రం మాట అందదు. నడిమికి రానిచ్చి చోటిస్తే సగం వాల్యూంతోనే బోగీ అంతా వినపడుద్ది. ప్రయాణికులుగా మనం చెయ్యగలిగిన పెద్ద సాయం ఇదే, దారిలో ఉన్న బ్యాగులు తీసి ఒక మనిషి నిలబడేంత చోటివ్వడం.

చక్రాల మోత అంతా బరువైన శబ్దం. దాని మీద బేస్ పెంచితే రెండూ కలిసిపోయి బురదైపోద్ది. బేస్ తగ్గించి ట్రెబుల్ కొంచెం పెంచితే మాట విడిగా వస్తుంది, బ్యాటరీ కూడా ఎక్కువసేపు నిలుస్తుంది. పద్యనాటకాల వాళ్ళు మైకుల్లేని రోజుల్లో నాలుగు, ఐదు శృతిలో పాడింది ఇందుకే, పైస్థాయి గొంతు దూరం పోతుంది. రైల్లోనూ అంతే. ఒకటి శృతిలో మెల్లగా ఎత్తుకుంటే పల్లవి పట్టాల పాలే.

స్పీకర్ కీచుమని కూస్తే ఎక్కువగా కారణం ఇదీ, మైకు మూతి స్పీకర్ ముందుకి తిరిగింది. స్పీకర్ కడుపు మీద వేలాడదీసుకుంటే మైకు దానికి పైన, వెనక ఉండాలి. చెయ్యి దించి మైకు స్పీకర్ ఎదురుగా పెట్టంగానే కూత మొదలవుద్ది. మైకు జాలీ చుట్టూ అరచేత్తో మూసి పట్టుకున్నా అదే జరుగుద్ది. పాట ఆపినప్పుడు మైకు స్విచ్ ఆపడం అలవాటు చేసుకోవాలి.

ఫోన్‌లో ట్రాక్ పెట్టి బ్లూటూత్‌లో స్పీకర్‌కి పంపితే ట్రాక్ ఒకింత ఆలస్యంగా వస్తుంది. స్పీకర్లో వినేది పట్టుకుని పాడితే ఇబ్బంది లేదు. ఫోన్ తెర మీద సాహిత్యం చూసి పాడేవాళ్ళకి మాత్రం తాళం తప్పుద్ది. పెన్‌డ్రైవే నయం.

పెన్‌డ్రైవ్‌లో ఒక చిక్కుంది. చవక స్పీకర్లు పాటలని పేర్ల వరసలో వాయించవు, కాపీ చేసిన వరసలో వాయిస్తాయి. 40 పాటలు ఒకేసారి లాగి పడేస్తే వరస ఎట్టాపడితే అట్టా వస్తుంది. చూపు లేని మనిషికి ఏడోసారి నొక్కితే ఏడో పాట రావాలి. అందుకని 32 జీబీ లోపు పెన్‌డ్రైవ్‌ని ఫ్యాట్32లో ఫార్మాట్ చేసి, పాటలు ఒక్కొక్కటే వరసగా కాపీ చెయ్యండి. మొదట రెండు సెకన్ల గంట శబ్దం ఫైలు పెడితే అది వినపడంగానే వరస మొదటికొచ్చిందని తెలుస్తుంది. ఇట్టా వరస పెట్టిన పెన్‌డ్రైవ్ ఇవ్వడం వంద రూపాయల కన్నా విలువైన సాయం. ఏ పాటలు, ఏ శృతిలో అనేది వాళ్ళనే అడిగి చెయ్యండి.

తెల్లవారుజాము సంగతికొస్తే, అందరూ పడుకుని ఉంటే స్పీకర్ లేకుండా ఒట్టి గొంతుతో పాడమని అడిగితే నొచ్చుకోరు. అడిగే మాట తీరుని బట్టి ఉంటుంది.

పడుగుపాడు_గేటు

సౌండుపెట్టె అన్నా, పెన్నా వంతెన మాటేంది? దాని మీద ఏ స్పీకరూ పనిచెయ్యదు గదా.

సౌండుపెట్టె_ఒంగోలు

చెయ్యదబ్బా. ఇనప గర్డర్ల మీద మోత ఒక్కసారిగా లేస్తుంది. ఉత్తరం నుంచి వచ్చే బండిలో కొడవలూరు దాటినాక ఎత్తుకున్న పాట పడుగుపాడు లోపే అయిపోవాలి. వంతెన, వెంటనే నెల్లూరు స్టేషను, అందరూ లేచి తలుపు దగ్గరికి చేరతారు. అప్పుడు వసూలూ కాదు, పాటా కాదు.

తిత్తి_మెట్లు

వాయిద్యాల గురించి ఇంకా ఎవరూ రాయలేదు. మన లైనంతా సముద్రం దగ్గర, గాలిలో తేమ, ఉప్పు. హార్మోనియానికి ఇదే శత్రువు.

మెట్టు నొక్కి వదిలినా స్వరం ఆగకుండా మోగుతుంటే, కొయ్య ఉబ్బి మెట్టు పక్కదానికి రాసుకుంటోంది, లేదంటే దాని కింది తీగ స్ప్రింగు మెత్తబడింది. స్వరం అసలు రాకపోతే ఇత్తడి నాలుకకీ (రీడు) దాని గాడికీ మధ్య దుమ్ము చేరినట్టు. పైపలక తీసి, నాలుక కొసని గోటితో కాస్త లేపి, కింద పల్చటి కాగితం ముక్క పెట్టి ఒక్కసారి లాగితే పోతుంది. నూనె మాత్రం వెయ్యొద్దు. నూనె దుమ్ముని పట్టుకుని వారంలో నాలుకని గాడికి అతికించేస్తుంది. శృతి తప్పిందని నాలుక గీకడం కూడా తెలిసినవాళ్ళ పని. కొస దగ్గర గీకితే స్వరం పైకెక్కుతుంది, మొదట్లో గీకితే దిగుతుంది, ఎక్కువ గీకితే నాలుక విరుగుతుంది.

తిత్తి బాగుందో లేదో చూడాలంటే స్టాపర్లన్నీ మూసి తిత్తి నిండా గాలి కొట్టి వదలండి. మెట్లు నొక్కకుండానే తిత్తి గబగబా కూలిపోతే తోలు అతుకుల దగ్గర గాలి పోతున్నట్టు. అట్టాంటి పెట్టెతో రోజంతా పాడే మనిషికి ఎడమ భుజం పోతుంది. కాబట్టి సాయం చెయ్యాలనుకునేవాళ్ళు కొత్త పెట్టె కొనేకంటే పాతదానికి తిత్తి వేయించడం మంచిది. చేతికి అలవాటైన మెట్లు మారవు.

డోలక్ నట్టుబోల్టు రకమైతే బిగించేటప్పుడు గుండ్రంగా వరసన పోకూడదు. ఒకటి బిగిస్తే దాని ఎదురుది, పావు మలుపు చొప్పున. వరసన బిగిస్తే తోలు ఒకవైపుకి లాగి చిరుగుతుంది. రాత్రి కాస్త వదులు చేసి పెట్టాలి. ఎడమ మూత లోపలి మసాలా తడవకూడదు.

కంజీరకి లోపలివైపు నాలుగు చుక్కల నీళ్ళు రాస్తే గంభీరంగా పలుకుతుంది. ఎక్కువైతే చచ్చిపోతుంది, మళ్ళీ ఎండలో పెట్టాల్సిందే. పాత కంజీరలకి ఉడుము తోలు వాడేవాళ్ళు. వన్యప్రాణుల చట్టం 1972 ప్రకారం అది నేరం. కొనిచ్చేవాళ్ళు మేక తోలుదో, ఫైబర్‌దో కొనండి. డప్పుకి కాక కావాలి, బండిలో మంట పెట్టడానికి లేదు, రైల్లో ఫైబర్ డప్పే దారి.

కరవది స్టేషన్ మీదుగా పోయేవాళ్ళు ఒకటి గుర్తు చేసుకోండి. నాదస్వరానికి పద్మశ్రీ తెచ్చిన షేక్ చినమౌలానా పుట్టిన ఊరు అదే. ఆ ఊరి పక్కన బండిలో వాయించేవాళ్ళని బిచ్చగాళ్ళనడం నాకు సహించదు.

పొదిలి_పల్లెవెలుగు

రైలు లేని మా వైపు సంగతి కూడా రాయాలి. కనిగిరి, దర్శి, కందుకూరు బస్సుల్లో నడిచే బండిలో పాడటం ప్రమాదం. రెండు చేతులూ వాయిద్యం మీద ఉంటే పట్టుకోను చెయ్యి ఉండదు, స్పీడ్ బ్రేకర్ దగ్గర పడతారు. బస్టాండ్‌లో బస్సు ఆగి ఉన్న పది నిమిషాలే సరైన టైము. కండక్టర్ టికెట్లు కొట్టడం అయినాక ఎక్కి, ఒక్క పాట పాడి, డ్రైవర్ సీట్లోకి రాంగానే దిగిపోవాలి. కండక్టర్‌కి ముందు చెప్తే కాదనేవాళ్ళు తక్కువ, టికెట్లు కొట్టేటప్పుడు అడ్డం పడితే మాత్రం దించేస్తారు.

2025 ఆగస్టు 15 నుంచి స్త్రీశక్తి పథకం కింద పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవాళ్ళకి చార్జీ లేదు. పాడే అక్కలు ఆధార్ దగ్గర పెట్టుకుంటే ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి చార్జీ ఖర్చు లేకుండా పోవచ్చు. జీరో టికెట్ మాత్రం అడిగి తీసుకోవాలి.

తెట్టు_తాళం

ఫంక్షన్లకి పిలవడం మీద. శ్రీరామనవమి పందిళ్ళకి, వినాయకచవితికి, పుట్టినరోజులకి వీళ్ళని పిలవండి, బండిలో ఇచ్చే ఇరవై కన్నా అది చాలా మేలు. బేరం ఎట్టా చెయ్యాలంటే, ఆ రోజు బండిలో వచ్చేది వాళ్ళు పోగొట్టుకుని వస్తారు. ముందు "రోజుకి ఎంత పడుద్ది" అని అడిగి, దానికి తగ్గకుండా, పైన పాటకీ ప్రయాణానికీ లెక్కేసి, సగం ముందే ఇవ్వండి. భోజనం దీంట్లో కలపొద్దు, అది ఇంటికొచ్చినవాళ్ళకి ఎట్టాగూ పెట్టేదే.

ఏర్పాటులో చూసుకోవాల్సినవి: ముప్పావు గంటకొకసారి పది నిమిషాల విరామం, గోరువెచ్చని నీళ్ళు. చూపు లేని కళాకారుడైతే చెయ్యి పట్టి లాగొద్దు, మీ మోచెయ్యి అందిస్తే ఆయనే పట్టుకుంటాడు. స్టేజీకి మెట్లు ఎన్నో ముందే చెప్పండి, అంచు ఎంత దూరమో నడిపించి చూపండి. మైకు స్టాండు ఎత్తు పెట్టి, ఒకసారి చేత్తో తడమనివ్వండి. హార్మోనియం మైకు పెట్టె పైన జానెడు ఎత్తులో ఉండాలి, తిత్తి వైపు పెడితే గాలి చప్పుడే వస్తుంది. జనం వైపు స్పీకర్లు కాక, పాడేవాళ్ళ వైపు ఒక చిన్న స్పీకర్ తిప్పి పెట్టండి. అది లేకపోతే తమ గొంతు తమకి వినపడక అరుస్తారు, అరగంటలో గొంతు పోతుంది.

రాత్రి 10 దాటితే లౌడ్‌స్పీకర్ లేదు. పాటకచేరీ 7కే మొదలుపెట్టండి.

కావలి_కనకాంబరం

పింఛను సంగతి ఎవరూ ఎత్తలేదు. సదరం సర్టిఫికెట్ (వైకల్యం ఎంతో ప్రభుత్వ డాక్టర్లు రాసిచ్చేది) ఉన్నవాళ్ళకి దివ్యాంగుల పింఛను 2024 జులై నుంచి నెలకి 6,000. డప్పు కళాకారులకి 4,000. పంచేది ఒకటో తేదీన, సొంత ఊళ్ళో. ఆ రోజు బండిలో ఉంటే అందదు. రెండు నెలలు తీసుకోకపోతే మూడో నెలలో మూడూ కలిపి ఇస్తారు, అంతకు మించి ఆగొద్దు.

రైలు టికెట్ రాయితీ కూడా చాలామంది వాడుకోవడం లేదు. పూర్తిగా చూపు లేనివాళ్ళకి సెకండ్ క్లాసులోనూ స్లీపర్‌లోనూ చార్జీలో 75 శాతం తగ్గింపు, వెంట వచ్చే మనిషికీ అంతే. నెలవారీ సీజన్ టికెట్ మీద 50 శాతం. రైల్వే ఇచ్చే దివ్యాంగుల కార్డు కావాలి, దరఖాస్తు ఆన్‌లైన్లోనే. స్కాన్ చేసి పెట్టడం చదువుకున్నవాళ్ళకి అరగంట పని. పైన రూల్సు బుక్కు అన్న చెప్పినట్టు పాడేవాళ్ళ దగ్గర టికెట్ ఉండాలి. అందుకే ఈ కార్డు పాడేవాళ్ళకి మిగతా అన్నిటికన్నా ముందు కావాలి.

రూల్సు_బుక్కు

ఒకటి కలుపుతా. చిన్నపిల్లలు పాడుతుంటే డబ్బు ఇవ్వొద్దు. పాట ఎంత బాగున్నా సరే. పిల్లల్ని పెట్టి అడుక్కోజెయ్యడం నేరం, ఆ డబ్బు పిల్లలకి చేరదు. పిల్లల హెల్ప్‌లైను 1098కి ఫోన్ చేసి బండి, బోగీ, వచ్చే స్టేషను చెప్పండి. పిల్లల వీడియో అస్సలు పెట్టొద్దు.

పడుగుపాడు_గేటు

అందరికీ దండాలు. వీడియోల సంగతి కూడా తేల్చండి. పెద్దవాళ్ళ పాట తీసి పెట్టొచ్చా?

తెట్టు_తాళం

అడిగి తియ్యండి. చూపు లేనివాళ్ళకి "అన్నా, ఫోన్‌లో తీస్తా ఉన్నా, పెట్టొచ్చా" అని పాటకి ముందే చెప్పాలి. పేరు వాళ్ళు చెప్పమంటేనే రాయండి, ఫోన్ నంబర్ రాయొద్దు, మోసగాళ్ళకి అది చాలు. మీ సొంత క్యూఆర్ పెట్టి "నేను అందజేస్తా" అనొద్దు, వాళ్ళదే పెట్టండి. కరోకే ట్రాక్ మీద పాడితే ఆ ట్రాక్ హక్కుదారులు వీడియోని ఆపేయొచ్చు. ఒట్టి గొంతుతోనో హార్మోనియంతోనో పాడిన తత్వం, పద్యం తీస్తే ఆ బాధ ఉండదు. పెట్టినాక మర్నాడు అదే బండిలో కనపడితే, ఎంతమంది చూశారో, కింద ఏం రాశారో చదివి వినిపించండి.

సింగరాయకొండ_సీజన్

పొద్దున బండిలో బోగీ నడిమి సీట్ల దగ్గర బ్యాగులు పెట్టకుండా ఖాళీ ఉంచమని మా సీజన్‌వాళ్ళ గ్రూపులో ఇప్పుడే పెట్టాను. సౌండుపెట్టె అన్నా, ఆ పెన్‌డ్రైవ్‌లో గంట శబ్దం ఫైలుకి పేరు ఏం పెట్టాలి?

సౌండుపెట్టె_ఒంగోలు

పేరు ఏదైనా పర్లేదు, అన్నిటికన్నా ముందు కాపీ చెయ్యండి.